ముక్కనుమ నాడు గండి చూడ్డానికి

నెల్లూరులో పుట్టి పెరిగినవాళ్లకి పెన్న అంటే ఇసుక. బస్సు బ్రిడ్జి మీద పోతుంటే ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఇసుకే కనపడేది. మధ్యలో రెండు మూడు సన్న పాయలు, తుంగ, బర్రెలు. నవంబర్లో వాయుగుండం పడితే నాలుగు రోజులు ఎర్ర నీళ్లు, ఆ తర్వాత మళ్లీ ఇసుక. ఇప్పుడు బ్యారేజీ వచ్చాక రంగనాయకుల గుడి దగ్గర నీళ్లు నిలబడుతున్నాయి గానీ, నా మనసులో ఉన్న పెన్న మాత్రం పాతదే. ఇక్కడ ఇంత వెడల్పున కాళ్లు చాపుకుని పడుకునే ఏరు, పైన ఒకచోట రెండు కొండల మధ్య ఒళ్లు ముడుచుకుని వస్తుందని మా నాయన చెప్తుండేవాడు. చిన్నప్పుడు మేం విన్నదెప్పుడు?

నాయన ఇరిగేషన్‌లో లస్కరుగా చేసి రిటైరయ్యాడు. బుచ్చిరెడ్డిపాళెం, మేం బుచ్చి అంటాం, దాని దగ్గర కనిగిరి రిజర్వాయరు కింద ఒక పంట కాలువ ఆయన చేతిలో ఉండేది. లస్కరంటే ఇప్పటి పిల్లలకి తెలీదు. మా స్కూల్లో అడిగితే ఒకడు "ఉగ్రవాది పార్టీ పేరా టీచర్?" అన్నాడు. తూములు ఎత్తడం, దించడం, వంతు ప్రకారం నీళ్లు వదలడం, రాత్రిపూట టార్చిలైటు, పార పట్టుకుని కట్ట మీద తిరగడం, అదీ ఆ ఉద్యోగం. వంతుల దగ్గర ఇద్దరు రైతులు కొట్టుకోబోతే మధ్యలో నిలబడ్డం కూడా అందులోదే, జీతంలో లేకపోయినా.

ఆయనకి ప్రపంచంలో ఒకటే భయం. గండి. ఎండ్రకాయ కట్టలో బొక్క పెడుతుంది. ఆ బొక్కలోంచి ముందు చెమ్మ, తర్వాత చెంబెడు నీళ్లు, తెల్లారేసరికి బండి పట్టేంత గండి. మా ఇంట్లో "గండి పడింది" అనే మాట, వేరే వాళ్ల ఇళ్లల్లో "దొంగలు పడ్డారు" అన్నట్టు ఉండేది. అన్నం ముందు కూచున్న మనిషి చెయ్యి కడిగేసుకుని గోతాలు, గూటాలు, వరిగడ్డి సైకిలుకి కట్టుకుని పోవడం నేను ఎన్నోసార్లు చూశా.

అదే మాటకి ఇంకో అర్థం ఉందని ఆయనే చెప్పాడు. కొండల మధ్య ఏరు తొలుచుకున్న దారి కూడా గండే. గండికోటకి ఆ పేరు వచ్చింది అందుకే, అక్కడ పెన్న ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోతుంది. "ఆడ ఒక గండి కొట్టింది. మన సోమశిల కాడ వెలిగొండకి ఇంకొకటి కొట్టింది. ఆ గండికి ఊర్లన్నీ పోయి ఫొటోలు దిగతాయి, మన గండికి మనమే పోము" అనేవాడు.

ఆయన పోయింది రెండే రెండుసార్లు. పదేళ్ల వయసులో, అప్పటికి సోమశిల డ్యాము కట్టలేదు, వాళ్ల తాతతో శివరాత్రికి ఎద్దుల బండిలో సోమేశ్వరుడి గుడికి. ఆ తర్వాత ఉద్యోగంలో ఉండగా ఒకసారి, వరదప్పుడు, డిపార్టుమెంటు జీపులో అర్ధరాత్రి. చీకట్లో చెవులు చిల్లులు పడే హోరు తప్ప ఏమీ కనపడలేదట. అక్కణ్ణించి వచ్చే నీళ్లనే ఇరవై ఎనిమిదేళ్లు పొలాలకి వదిలిన మనిషి, ఆ నీళ్లు కొండలోంచి బయటపడే చోటుని పగటి వెలుతురులో మళ్లీ చూడలేదు. మా ఆయన కారు తీసినప్పుడల్లా "ఇంకోసారి పోదాం మామా" అనేవాడు. ఆయన ఉద్యోగం చెన్నైలో, వచ్చేది నెలకి రెండు రోజులు. పైగా ఆయన డ్రైవింగ్‌లో చూసేది ఏమీ ఉండదు, చేరడమే ఉంటుంది.

పోయిన సెప్టెంబర్లో నేను డ్రైవింగ్ నేర్చుకున్నా. నలభై దగ్గర పడుతుంటే ఇప్పుడెందుకు అన్నవాళ్లు ఉన్నారు, వాళ్ల సంగతి వదిలేయండి. మూడు నెలలు మా పాత ఆల్టోని ఇంటి నుంచి స్కూలుకి, స్కూలు నుంచి ఇంటికి తిప్పా. సంక్రాంతి సెలవులు దగ్గరికొస్తుండగా నాయన ఒక సాయంత్రం పేపరు మడిచి, "నువ్వు తీసకపోతావామ్మే, సోమశిలకి?" అన్నాడు. అడగడం కూడా నా మొహం వంక చూడకుండా, పేపరు వంక చూస్తూ అడిగాడు. కాదని ఎట్లా అంటాను? సరే అన్నా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఫుల్ టెన్షన్.

కనుమ రోజు పోదామనుకుంటే అమ్మ ఒప్పుకోలేదు. కనుమ నాడు కాకి కూడా కదలదు, కారెట్లా కదులుద్ది అంది. సరే, ముక్కనుమ నాడు బయల్దేరదామని తేల్చాం. అదీ మంచిదే అయింది. కనుమకి చేసిన మినపగారెలు, పండక్కి చేసిన అరిసెలు డబ్బాలో పెట్టుకోవడానికి మిగిలాయి.

నెల్లూరు నుంచి సోమశిలకి ఎనభై కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. మా ఆయన ఫోన్లో "గంటన్నర" అన్నాడు. నేను నాయనతో "మనకి నాలుగు గంటలు" అని చెప్పా. ఆయన "ఐదైనా ఏం బోయింది" అన్నాడు. పొద్దున ఐదున్నరకి బయల్దేరాం. నాయన ముందు సీట్లో, మోకాళ్ల నొప్పులు కాబట్టి సీటు పూర్తిగా వెనక్కి జరిపి. అమ్మ వెనక సీట్లో గారెల డబ్బాతో.

పెన్న బ్రిడ్జి దాటేటప్పుడు ఇంకా చీకటే. అటు పక్కన పడుగుపాడు వస్తుంది. 2021 నవంబర్ వరదకి రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, పట్టాలు గాల్లో వేలాడింది ఇక్కడే. హైవే కూడా తెగింది. నెల్లూరు మీదుగా చెన్నైకి పోవాల్సిన రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పెన్నకి ఉత్తర పినాకిని అని ఇంకో పేరు, ఆ పేరు పెట్టుకున్న పినాకిని ఎక్స్‌ప్రెస్‌కి కూడా ఆ వరదలో దారి లేకుండా పోయింది. నాయన ఆ చీకట్లోకి చూస్తూ "ఆ నీళ్లన్నీ మనం ఇప్పుడు పోతున్న చోట్నించే వచ్చినాయి" అన్నాడు.

ముంబయి రోడ్డు ఎక్కాక మంచు మొదలైంది. జనవరి పొద్దుటి మంచు, పొలాల మీద మోకాలెత్తు దాకా పరుచుకుని ఉంది. నాట్లు పడ్డ మడులు, అప్పుడే పచ్చబడుతున్నాయి, గట్ల మీద కొంగలు. నేను స్పీడు నలభై దాటనివ్వలేదు. వెనక వచ్చే ప్రతివాడూ హారన్ కొట్టి, పక్కనుంచి పోతూ స్టీరింగ్ దగ్గర ఎవరున్నారో ఒకసారి తలతిప్పి చూసి, ఆ తర్వాత స్పీడు పెంచడం. మొదటి పది మందికి ఒళ్లు మండింది. తర్వాత అలవాటైపోయింది. లెఫ్ట్‌లో నా మానాన నేను పోతున్నా కదా.

బుచ్చి దాటాక నాయన గేర్లు మార్చడం మొదలుపెట్టాడు. నేను కాదు, ఆయన. గొంతులో. ఏ తూము కింద ఎన్ని ఎకరాలు, ఏ రైతు ఏం తిట్టాడు, ఏ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) మంచోడు. ముప్పై ఐదు స్పీడులో పోతే ఇదొక లాభం, మనిషి ఒక కథ మొదలుపెట్టి ఆ కాలువ దాటేలోపు పూర్తి చేయగలడు. మా ఆయన బండిలో అయితే కథ మధ్యలో ఉండగానే ఊరు దాటిపోతుంది, నాయన నోరు మూసుకుంటాడు.

సంగంలో ఆగాం. పెన్నలోకి బీరాపేరు, బొగ్గేరు వచ్చి కలిసే చోటు, అందుకే ఆ పేరు, సంగమేశ్వరుడి గుడి కూడా. ఇక్కడ బ్రిటిష్ వాళ్ల కాలంలో కట్టిన ఆనకట్ట ఉండేది. దాని మీదే మనుషులు, బండ్లు అటు పొదలకూరు వైపు పోయేవి, వరదొస్తే దారి బంద్. 2022 సెప్టెంబర్లో దాని స్థానంలో దివంగత మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి పేరుతో బ్యారేజీ వచ్చింది, పైన మంచి బ్రిడ్జి ఉంది. కారు దూరంగా పెట్టి రెయిలింగ్ దగ్గర నిలబడ్డాం. పైపక్క నీళ్లు అద్దంలా ఉన్నాయి, కిందిపక్క రాళ్లు, ఇసుక, ఒక్కచోట నుంచి పలచగా పారుతున్న నీళ్లు. నాయన కాలువ వైపు చెయ్యి చూపించి "ఈడ్నించే కనిగిరికి పొయ్యేది" అన్నాడు, సొంత ఇంటి వాకిలి చూపించినట్టు.

ఆత్మకూరులో టిఫిను. కారం దోసె, పులిబొంగరాలు. హోటలు గురించి చెప్పేదేం లేదు, కారం మాత్రం కారంగానే ఉంది. ఆడవాళ్లకి ఒక మాట చెప్పాలి. ఈ దారిలో పోయేవాళ్లు బాత్రూమ్ పని ఆత్మకూరులోనే ఏదో ఒక పెట్రోలు బంకులో చూసుకోండి. ఆ తర్వాత నమ్మకం పెట్టుకోవద్దు. డ్యాము చూసొచ్చినవాళ్లు ఎవరూ ఈ సంగతి చెప్పరు, చెప్పేది మగవాళ్లు కాబట్టి.

ఆత్మకూరు దాటి సోమశిల వైపు తిరిగాక రోడ్డు మనదైంది. లారీలు తగ్గాయి. అనంతసాగరం పెద్ద చెరువు నిండుగా ఉంది. అక్కణ్ణించి పడమటి దిక్కున వెలిగొండలు కనిపించాయి. దూరం నుంచి చూస్తే గోడ కట్టినట్టు ఉంటాయి, ఉత్తరం నుంచి దక్షిణం దాకా ఒకటే నీలం గీత. ఎక్కడా సందు కనపడదు. ఏరు ఎక్కడ్నించి వస్తున్నట్టు? "సందేదీ నాయనా?" అన్నా. "కనపడదు. చివరి మలుపు దాకా కనపడదు. మా తాత కూడా అప్పుడు ఇదే చెప్పినాడు" అన్నాడు.

ఇక్కడి నుంచి నేను ముప్పైకి దిగా. మలుపులు వచ్చినప్పుడు లెఫ్ట్ పట్టుకోవడం, కనపడని మలుపుకి ముందు చిన్న హారన్, దిగేచోట న్యూట్రల్ చేయకుండా సెకండ్ గేరులోనే ఉంచడం, ఇవన్నీ డ్రైవింగ్ స్కూల్లో నేర్పారు గానీ టౌన్‌లో వీటితో పని పడలేదు. పుస్తకంలో ఉన్న పద్యం మొదటిసారి రాగంతో పాడినట్టు అనిపించింది నాకు. రోడ్డు ఎటు తిరిగితే కొండలు అటు జరుగుతాయి. ఒక కొండ పక్కకి తప్పుకుంటే దాని వెనక ఇంకొకటి ముందుకొస్తుంది. మేకల మంద ఎదురొస్తే ఇంజను ఆపేసి కూచున్నాం. మేకలు కారుకి రెండు పక్కలా పాయలుగా చీలి, వెనక మళ్లీ కలిశాయి. మేకలాయన నాయన వైపు చూసి "డ్యాముకా పెద్దాయనా?" అన్నాడు. "గండికి" అన్నాడు నాయన. ఆయనకి అర్థం కాలేదు, మాకు అర్థమైంది.

డ్యాము దగ్గర ఎక్కే రోడ్డులో నా పరువు పోయింది. ఎక్కుడు మధ్యలో ఎదురుగా ట్రాక్టరు వచ్చింది, ఆగాను, ఇంజను ఆగిపోయింది. వెనక ఒక వ్యాను. మళ్లీ స్టార్ట్ చేసి క్లచ్ వదిలా, బండి ముందుకి పోకుండా వెనక్కి జారింది. జానెడే, కానీ అమ్మ "ఓరి దేవుడో" అని గట్టిగా అరిచింది. వ్యానువాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. నాకు అరచేతుల్లో చెమటలు. నాయన మాత్రం కదల్లేదు. "హ్యాండ్‌బ్రేకు ఉండాది గదా. అది పట్టుకోని నిదానంగా. వాడు ఆగతాడు, యాడికి పోతాడు" అన్నాడు.

హ్యాండ్‌బ్రేక్ లాగి, ఫస్ట్ గేరు వేసి, క్లచ్‌ని వేలెడు వేలెడుగా వదిలా. ఒకచోటికి వచ్చేసరికి ఇంజను గొంతు మారుతుంది, బండి ముక్కు కొంచెం పైకి లేస్తుంది. కాలు అక్కడే ఆపాలి. అప్పుడు హ్యాండ్‌బ్రేక్ దించితే బండి వెనక్కి పోదు, ముందుకే పాకుతుంది. పాకింది. పైకి చేరాక పక్కకి తీసి వ్యానుకి దారిచ్చా. "తూము కూడా అంతే, ఒక్కసారి ఎత్తితే అదే కొట్టుకుపోతాది. చుట్టు చుట్టుకీ ఆగి చూడాల" అన్నాడు నాయన, ఏదో గేటు ఆపరేషన్ మీద రిపోర్టు ఇస్తున్నట్టు.

కారు కింద పెట్టి నడవాలన్నారు. కాపలా ఉన్న కుర్రాడు లోపలికి కుదరదన్నాడు మొదట. నాయన తను చేసిన సెక్షను పేరు, ఆ కాలపు మనుషుల పేర్లు రెండు చెప్పేసరికి ఆ అబ్బాయి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. "కొంచెం దూరం దాకా పోయి రండి తాతా, ఫొటోలు మాత్రం వద్దు" అన్నాడు. అందుకే నా దగ్గర ఒక్క ఫొటో కూడా లేదు. మంచిదే అయింది, లేకపోతే ఇదంతా రాయకుండా ఆ ఫొటోలు స్టేటస్‌లో పెట్టి ఊరుకునేదాన్ని.

గండి నిజంగానే చివరి మలుపు దాకా కనపడలేదు. కనపడ్డాక ఇంతసేపు ఎట్లా దాక్కుందో అర్థం కాలేదు. గోడలా ఉన్న కొండ ఇక్కడ రెండుగా తెగి ఉంది. పడమటి పక్క నీళ్లు, ఆకుపచ్చకి నీలానికి మధ్య రంగులో. ఆ నీళ్లు తిన్నగా పోవు, ఎడమ కొండ చుట్టి కుడికి, కుడి కొండ చుట్టి ఎడమకి. ఒకదాని వెనక ఒకటి కొండ కొసలు నీళ్లలోకి దిగి ఉన్నాయి, పడుకున్న ఎద్దుల మూతుల్లాగా. నాలుగో కొస తర్వాత ఏముందో కనపడదు, మంచులో కలిసిపోయింది. ఆ వెనకంతా కడప జిల్లా. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, అనంతపురం, కడప దాటి, దాదాపు ఆరువందల కిలోమీటర్ల దారిలో చివరి వంద కోసం ఇక్కడ నెల్లూరులోకి దూరుతుంది పెన్న.

నేను సోషల్ టీచర్ని కాబట్టి రాళ్లు చూడకుండా ఉండలేను. రోడ్డు కోసం కొండని తొలిచినచోట పొరలు కనపడుతున్నాయి. అడ్డంగా పేర్చిన పలకలు కావు, ఏటవాలుగా ఒరిగిన పలకలు, దిండు మీద వాలిన పుస్తకాల దొంతరలాగా. క్వార్ట్‌జైట్ అంటారు దీన్ని. పుట్టుకలో ఇదీ ఇసుకే. వంద కోట్ల ఏళ్ల పైమాటే, అప్పటి సముద్రం ఒడ్డున పేరుకున్న ఇసుక, మీద బరువు పడి పడి రాయైంది. కిందపడి ఉన్న ఒక పలక మీద చెయ్యి పెట్టి చూశా. గరుకుగా ఉంది, ఎండ తగిలి గోరువెచ్చగా ఉంది. దాని మీద అలలు అలలుగా గీతలు. ఏటి ఒడ్డున నీళ్లు తగ్గాక తడి ఇసుక మీద ఉంటాయే, అచ్చం అవే. నాయన్ని పిలిచి చూపించా. ఆయన చెప్పు విడిచి, పాదం దాని మీద పెట్టి రెండు సార్లు రుద్దాడు.

"ఇసకే" అన్నాడు. "ఇంత గట్టి ఇసక."

కొండా ఇసుకే, ఏరు మోసుకుపోయి మా నెల్లూరులో పోసేదీ ఇసుకే. స్కూల్లో పదిహేనేళ్లుగా అవక్షేప శిలలు, రూపాంతర శిలలు అని బోర్డు మీద రాస్తున్నా, ఈ రెండూ ఒకదానికొకటి ఏమవుతాయో నాకే తట్టలేదు.

కుర్చీలో కూచుని నాయన లెక్కలు మొదలుపెట్టాడు. ఇది ఆయనకి ఇష్టమైన భాగం, నేనూ అడ్డం రాలేదు. డ్యాము పని 1975లో మొదలై 1989కి పూర్తయింది. పన్నెండు క్రస్టు గేట్లు. నిండు మట్టం 330 అడుగులు, పట్టేది 78 టీఎంసీలు. ఇక్కడి నుంచి వరద కాలువలో కండలేరుకి, కండలేరు నుంచి మద్రాసుకి. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ కూచుని ఒప్పుకున్న తెలుగుగంగ అది, శ్రీశైలం కృష్ణ నీళ్లు ఇక్కడ పెన్నతో కలిసి చెన్నై కుళాయిలో పడతాయి. "మీ ఆయన ఆడ తాగేది కూడా ఈ నీళ్లే" అన్నాడు. అమ్మకి ఆ మాట బాగా నచ్చింది, ఆ సాయంత్రం అల్లుడికి ఫోన్లో చెప్పింది కూడా.

"సరే, టీఎంసీ అంటే ఎంత?" అని నేనే అడిగా, తెలిసి కూడా. వంద కోట్ల ఘనపుటడుగులు అని పాఠంలో ఉంటుంది. నాయన అట్లా చెప్పడు, క్యూసెక్కుల్లో చెప్తాడు, అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీళ్లు. "పదకొండు వేల ఐదొందల చిల్లర క్యూసెక్కులు రోజు పొడుగునా వస్తే ఒక టీఎంసీ" అన్నాడు. 2021లో ఇక్కడ గేట్లు ఎత్తి వదిలింది ఐదు లక్షల క్యూసెక్కుల పైచిలుకు. నేను ఫోన్లో లెక్క వేశా. ఆ లెక్కన రోజుకి నలభై మూడు టీఎంసీలు. ఇంత పెద్ద డ్యాము, కనుచూపు మేర నీళ్లు, మొత్తం ఖాళీగా ఉన్నా రెండు రోజులు తిరక్కుండానే నిండిపోయేది. అంత నీళ్లు ఈ సందులోంచి. పడుగుపాడు దగ్గర పట్టాలు వేలాడ్డంలో ఆశ్చర్యం ఏముంది?

"కొండకి గండి కొట్టింది ఏరు. మనోళ్లు ఆ గండి పూడ్చినారు" అన్నాడు నాయన కాసేపటికి. "నేను ముప్పై ఏళ్లు పూడ్చిన గండ్లన్నీ కలిపినా ఇందులో ఒక మూలకి రావు."

నిండిన నీళ్ల కింద ఊళ్లున్నాయి. అట్లూరు, ఒంటిమిట్ట, నందలూరు వైపు ఎన్ని పల్లెలు మునిగాయో నాయన లెక్క చెప్పలేదు. ఆయన దగ్గర లెక్క లేకపోవడం ఆ రోజు మొత్తంలో అదొక్కసారే. మా పొలాలకి వచ్చిన నీళ్లు వాళ్ల పొలాల మీద నిలబడ్డ నీళ్లు.

తర్వాత కిందికి, గుడి దగ్గరికి పోయాం. దిగేటప్పుడు సెకండ్ గేరు, ఈసారి అమ్మ అరవలేదు. వరదకి గుడికి గట్టి దెబ్బే తగిలిందని విన్నాం, అమ్మ దణ్ణం పెట్టుకుంది. నాయన గుడి వైపు కాక ఏటి వైపు తిరిగి నిలబడ్డాడు. రాళ్ల మధ్య మడుగులు, మడుగుల్లో చేపపిల్లలు. ఆయన వెతుకుతున్నది తాతతో కూచున్న బండ. శివరాత్రి జాగారం అయ్యాక పొద్దున్నే దాని మీద కూచుని ఇద్దరూ అటుకులు తిన్నారట. అప్పుడు డ్యాము లేదు కాబట్టి ఆ బండ మీద నుంచి చూస్తే గండిలోంచి అవతలి వైపు ఆకాశం కనపడేదట, "తలుపు తీసిన ఇంట్లోకి చూసినట్టు". చాలాసేపు వెతికాడు. మూడు బండలు చూపించి మూడూ అదే అన్నాడు, చివరికి మూడో దాని మీద కూచున్నాడు. గారెలు చల్లగా, గట్టిగా అయిపోయాయి, అరిసెలు బాగున్నాయి. ఇప్పుడు అక్కణ్ణించి చూస్తే సిమెంటు గోడ, గేట్లు కనపడతాయి, ఆకాశం వాటిపైన ఉంటుంది. ఆయనకి అది నచ్చలేదో నచ్చిందో చెప్పలేను. ఇరిగేషన్ మనిషి. రెండు అరిసెలు తిని, మోకాలు పట్టుకుని లేచాడు.

రెండున్నరకి తిరుగు ప్రయాణం. పొద్దున ఎడమ పక్కన చూసినవన్నీ ఇప్పుడు కుడి పక్కన, కానీ వేరే ఊరి దారిలా ఉంది. కొండలు అద్దంలో చిన్నవవుతున్నాయి. అనంతసాగరం దాటేసరికి సందు మాయమై మళ్లీ గోడ అయిపోయాయి. అమ్మ నిద్రపోయింది. నేను నలభై ఐదుకి పోయా ఒకచోట, నాయన స్పీడోమీటరు వంక చూశాడు, నలభైకి వచ్చేశా.

బుచ్చి దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలింది. "ఒక్క నిమిషం ఎడమకి తిప్పు" అన్నాడు. మట్టి రోడ్డు, పక్కనే ఆయన పాత కాలువ. కట్ట మీద కారు తిప్పుకునే చోటు లేదు, నేను ఎట్లా రివర్స్ చెయ్యాలా అని గాభరా పడుతున్నా. ఆయన అప్పటికే దిగి, తూము దగ్గరికి కుంటుకుంటూ పోయాడు. గేజి అంకెలు చూశాడు, కొత్తగా పెయింటు వేసి ఉన్నాయి. నీళ్లు నిండుగా పోతున్నాయి. తిరిగి వస్తూ వస్తూ ఒకచోట ఆగి, వంగి చూశాడు. నేను కారు దిగి పోయేసరికి కట్ట లోపలి వైపు అంచు చూపించాడు. నా పిడికిలి పట్టేంత బొక్క, చుట్టూ ఎండ్రకాయ తవ్విపోసిన తడిమట్టి గుండ్లు గుండ్లుగా.

గట్టు మీద నుంచి ఒక గడ్డ తెచ్చి అందులో పెట్టాడు. చాలలేదు. ఇంకొకటి తెమ్మన్నాడు, తెచ్చా. రెండూ కుక్కి, చెప్పు విడిచి మడమతో నాలుగు తొక్కులు తొక్కాడు, ఒక చేత్తో నా భుజం పట్టుకుని. వెనక సీట్లోంచి అమ్మ లేచి, "ఏం చేస్తున్నారు ఆ చీకట్లో, పాములుంటాయి, రండి" అని కేకేసింది.

"ఇంకొక్క గడ్డ" అన్నాడు నాయన నాతో.